లుక్రీషియా మూడో వంతు

ఇజోలా పెన్నిక్ బ్లాండన్ కౌంటీలో స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ పిల్లలకి ఆవిడ మెడ వెనకభాగమే ఎక్కువగా తెలుసు. ఆ మెడ కొంచెం పక్కకి తిరిగిందంటే బస్సులో గోల ఠక్కున ఆగిపోయేది. ఆవిడ రిటైరైనప్పుడు, ఇక వరండాలో ఉయ్యాలకుర్చీ వేసుకుని బటాణీలు ఒలుచుకుంటుందని ఊరంతా అనుకుంది. ఆవిడ మాత్రం సంచిలో భూతద్దం, దాని కింద ఉడకబెట్టిన వేరుశెనక్కాయల పొట్లం దాచుకుని కోర్టు భవనంలో రికార్డుల గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ గదిలో తినకూడదని గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రెండువందల ఏళ్ళనాటి గొలుసుకట్టు రాత చదవగలిగిన ఇజోలాకి ఆ బోర్డు మాత్రం ఎప్పుడూ కనిపించలేదు.

ఆ రాత ఆవిడకి ఎవరూ నేర్పలేదు. వీలునామాలు, భూముల దస్తావేజులు, చనిపోయినవాళ్ళ ఆస్తి జాబితాలు ఒక్కొక్కటే ముందేసుకుని, తెలిసిన అక్షరాన్ని పట్టుకుని తెలియని అక్షరం మీదికి పాకుతూ తనే నేర్చుకుంది.

అదే బల్ల దగ్గర, ఎదురు కుర్చీలో, మంగళవారాలు బర్వెల్ పెన్నిక్ కూచునేవాడు. ఇజోలా నల్లావిడ, అతను తెల్లాయన. పొగాకు వేలం కేంద్రంలో జీవితమంతా పాట పాడి రిటైరయ్యాడు. అతను వేలం పాడుతుంటే కొనేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, కానీ కౌంటీ సగం దూరానికి వినపడేది. మొదటి రోజు ఎంతో మర్యాదగా, "మనిద్దరి ఇంటిపేరూ ఒకటేనండీ" అన్నాడు.

"అవునండీ," అంది ఇజోలా పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "మీవాళ్ళు పెట్టిందే."

బర్వెల్ ఎర్రబడి, కాసేపు కిటికీ వైపు చూసి, తర్వాత గట్టిగా నవ్వాడు. ఆ నవ్వువల్లే ఆవిడ పొట్లంలోంచి నాలుగు వేరుశెనక్కాయలు బల్ల మీద అటువైపుకి జరిపింది.

బర్వెల్ పెన్నిక్ కుటుంబ సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘంవాళ్ళు ఏటా మే నెలలో పెన్నిక్ గుట్ట మీద చేరి, తమ మూలపురుషుడు జాన్ పెన్నిక్ ఇల్లు ఉండేదని తాము నమ్మిన చోట, తామే పాతించిన రాయికి పూలచక్రం పెట్టి, ఉప్పులేని కోడిమాంసం సాండ్‌విచ్చులు తిని ఇళ్ళకి పోతారు. వాళ్ళు ఒక పుస్తకం కూడా అచ్చేశారు. అందులో జాన్ పెన్నిక్ చదివిన పుస్తకాలు, ఎక్కిన గుర్రాలు, చేసిన దానధర్మాలు అన్నీ ఉన్నాయి. పొగాకు ఎవరు నాటారు, ఎవరు పురుగులు ఏరారు, ఎవరు కోసి ఆకు ఆరబెట్టే బ్యారన్లకి ఎత్తారు అన్నది మాత్రం లేదు. అది చదివితే పొగాకు మొక్కలు వాటంతట అవే నడుచుకుంటూ వచ్చి బ్యారన్లో వేలాడాయేమో అనిపిస్తుంది.

రాయనిదంతా ఆస్తి జాబితాలో ఉంది. జాన్ పెన్నిక్ 1761లో వీలునామా లేకుండా పోయాడు. కోర్టు పంపిన ఇరుగుపొరుగువాళ్ళు ఇంటికొచ్చి, గది గదీ, కొట్టం కొట్టం తిరిగి అన్నిటికీ వెల కట్టారు. ఆ వరసలో ఇత్తడి కాగు తర్వాత, గుడ్డి గుర్రానికి ముందు, డైనా అనే మనిషి ఉంది. మొదటిసారి ఆ వరస చదివిన రోజు ఇజోలా పుస్తకం మూసి, వెళ్ళి కారులో చాలాసేపు కూచుంది. రెండోసారి వచ్చినప్పుడు పెన్సిల్ తెచ్చుకుంది.

డైనా పేరు ఆవిడకి కొత్త కాదు. ఇంట్లో తరతరాలుగా నోటిమాటగా వచ్చిన పేరే. మేనత్త లెథియా చిన్నతనంలో, బానిసగా పుట్టి స్వేచ్ఛ చూసిన తన నాయనమ్మ వేలు పట్టుకుని, డైనా ముసలమ్మని పాతిపెట్టిన చోటికి వెళ్ళిందట. ఏటా వసంతంలో అక్కడ ఆకులు ఊడ్చేవారట. తర్వాత వాళ్ళ నాన్న కౌలు కోసం కౌంటీ అవతలి కొసకి మారాడు, నాయనమ్మ పోయింది, దారి అడవిలో కలిసిపోయింది. అత్తకి గుర్తున్నవి మూడే. కాలి మడమల దాకా పాకే పచ్చటి తీగ. పైనుంచి పడే నీళ్ళ చప్పుడు. తనని తరుముకొచ్చిన ఎర్ర కోడిపుంజు.

ఆ ఏడు, అంటే పందొమ్మిదివందల తొంభై ఆరులో, వసంతం రాగానే లెథియా అత్త ఒక కోరిక కోరింది. ఆగస్టులో మౌంట్ నీబో చర్చిలో హోమ్‌కమింగ్ జరుగుతుంది. ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్ళంతా ఆ ఆదివారానికి తిరిగి వస్తారు. ఆరుబయట భోజనాలు, ఆ తర్వాత పోయినవాళ్ళ పేర్లు చదవడం. ఈసారి ఆ పేర్లు డైనా దగ్గర నిలబడి చదవాలంది అత్త.

"ఈ యేడే ఎందుకత్తా?" అంది ఇజోలా.

"వచ్చే ఏడు చదివే పేర్లలో నేనూ ఉంటానే. అప్పుడు నాకు వినపడదు."

ఇప్పుడు కూడా ఆవిడకి పెద్దగా వినపడదు. ఆ సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

ఇక ఇజోలాకి కూచోబుద్ధి కాలేదు. అప్పటికే ఎన్నో చలికాలాలు, పాములు పడుకుని ఆకులు రాలిన రోజులు చూసుకుని, ఆవిడ పెన్నిక్ గుట్ట అంతా కాళ్ళతో జల్లెడ పట్టింది. సీసాపెంకులు, ఒక గుర్రపునాడా తప్ప ఏమీ దొరకలేదు. గుట్ట మీద నీళ్ళు లేవు. పైనుంచి పడటం మాట అటుంచి, కింద పారే చుక్క కూడా లేదు. ఆ మాట బర్వెల్‌తో అంటే, చిన్నపిల్ల పైన్ చెట్లలో గాలి విని నీళ్ళనుకుని ఉంటుందన్నాడు. ఇల్లు గుట్ట మీదే, కాబట్టి పనివాళ్ళ గుడిసెలూ, సమాధులూ అక్కడే ఉండి తీరాలన్నాడు. వాదన పెరిగి పందెం దాకా వచ్చింది. సమాధులు గుట్ట మీద దొరికితే ఇజోలా వచ్చే మే నెలలో సంఘం భోజనానికి వచ్చి, ఆ సాండ్‌విచ్చులు తిని, బావున్నాయని అందరి ముందూ చెప్పాలి. ఇంకెక్కడైనా దొరికితే హోమ్‌కమింగ్ రోజు చర్చి స్ట్యూ కాగు దగ్గర నిలబడి బర్వెల్ తెడ్డు తిప్పాలి.

"పొద్దున్నించీ సాయంత్రం దాకా," అంది ఇజోలా. "ఆపితే అడుగంటుతుంది."

"నాకు చేతకాదనుకుంటున్నారా?"

"మీవాళ్ళలో ఇన్ని తరాలుగా ఎవరికైనా వచ్చిందేమో, మీ పుస్తకంలో చూసి చెప్పండి."

ఆ పుస్తకమే చివరికి పనికొచ్చింది, రాసినవాళ్ళు అనుకున్న పద్ధతిలో కాకపోయినా. జూన్‌లో ఒక ఆదివారం సాయంత్రం అత్తకి కాలక్షేపం కోసం ఇజోలా అందులోంచి ముక్కలు చదివి వినిపిస్తోంది. చెవి దగ్గరగా వంగి అరుస్తూ చదవాలి. జాన్ పెన్నిక్ భార్య లుక్రీషియా దగ్గరికి వచ్చేసరికి ఆ పుస్తకం గొంతు గద్గదమైంది. భర్త పోయిన దుఃఖం తట్టుకోలేక ఆ మహా ఇల్లాలు కొద్ది నెలల్లోనే కన్నుమూసిందని రాశారు.

లెథియా అత్త నవ్వడం మొదలుపెట్టింది. కట్టుడుపళ్ళు జారిపోతుంటే చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. ఆవిడ ముగ్గురు భర్తలని సాగనంపిన మనిషి.

"ఏడ్చి చచ్చిందా? అయిదుగురు పిల్లలు చంకన, పొగాకు చేలో నిలబడి ఉంటే ఎవత్తె ఏడుస్తూ కూచుంటుందే? పంట కోసే లోపల ఇంకోణ్ణి చూసుకుని ఉంటుంది. నేనదే చేశాను."

"నిజమే, రెండో మామయ్యని నువ్వు చాలా తొందరగానే చేసుకున్నావు."

"మిరపనారు ముదిరిపోతోంది మరి."

ఆ రాత్రి ఇజోలా నిద్రపోయిందో లేదో గానీ, సోమవారం పొద్దున రికార్డుల గది తలుపు తీసేసరికి ఆవిడ మెట్ల మీద ఉంది.

ఆ గదిలో ప్రతి పుస్తకానికీ వెనక పేర్ల సూచిక ఉంటుంది. అందరూ చేసేది ఒకటే: ఇంటిపేరు పట్టుకుని ఆ అక్షరం దగ్గరికి పోవడం, దానికింద ఉన్న పుటలన్నీ తిరగేయడం. సంఘంవాళ్ళూ అదే చేశారు, ఇజోలా కూడా అదే చేసింది. పైగా ఆవిడకి ఇంకో కారణం ఉంది. తనవాళ్ళు మోసిన పేరు పెన్నిక్. డైనా మనుషులు ఆ పేరుతోనే బానిసత్వంలోంచి బయటికి వచ్చారు. కాబట్టి వాళ్ళ జాడ ఆ పేరు వెంబడే ఉంటుందని ఆవిడ ఎన్నడూ అనుమానించలేదు. ఆడమనిషి ఇంటిపేరు మారిన చోట కాగితం కూడా మలుపు తిరుగుతుంది. వెతికేవాళ్ళు మాత్రం తిన్నగా పోతారు.

ఆ రోజు ఆవిడ సూచిక తెరవలేదు. జాన్ పెన్నిక్ పోయిన తర్వాతి కోర్టు పుస్తకం తీసి, ఒక్కొక్క పుటే, పై నుంచి కింది దాకా చదువుకుంటూ పోయింది. తాగి తగవులాడినవాళ్ళు, పందులు పోగొట్టుకున్నవాళ్ళు, రోడ్డు మరమ్మతుకి రానివాళ్ళు అందరూ ఆవిడ వేలి కిందుగా వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి వేలు ఒకచోట ఆగింది. ఏబెల్ మాక్లిన్ అనే మిల్లువాడూ, అతని భార్య, గతించిన జాన్ పెన్నిక్ వితంతువైన లుక్రీషియా కలిసి, మొదటి భర్త ఆస్తిలో ఆవిడకి చట్టం ప్రకారం రావలసిన మూడో వంతు విడదీసి ఇప్పించమని కోర్టుని అడుగుతున్నారు.

దాని కింద హద్దులున్నాయి. క్యాట్‌టెయిల్ వాగు పాయ మొదలు మిల్లు చెరువు దాకా, అక్కణ్ణుంచి మూలనున్న తెల్ల ఓక్ చెట్టు దాకా, మళ్ళీ పశువుల దొడ్డి గుట్ట అంచు వెంబడి. ఆ వాటాలో జాన్ పెన్నిక్ కాపురమున్న ఇల్లు. వెనక గుడిసెలు. చివర మనుషుల పేర్లు. డైనా అక్కడుంది. ఈసారి ఆవిడకి అటూ ఇటూ మనుషులే ఉన్నారు, కాగూ లేదు, గుర్రమూ లేదు.

ఇజోలా ఆ పేర్లని చూస్తూ పొట్లమంతా ఖాళీ చేసింది. తొక్కలన్నీ ఒళ్ళో వేసుకుని, పుస్తకం మీద ఒక్కటి కూడా పడకుండా.

మర్నాడు బర్వెల్ వచ్చి కూచోగానే ఆవిడ పుస్తకాన్ని అతనివైపు తిప్పింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు.

"మిల్లువాడా?" అన్నాడు చివరికి.

"పిండి కొట్టేవాడే. మీ నాయనమ్మల నాయనమ్మకి ఏడవడానికి తీరిక దొరకలేదు."

అప్పుడు అతని కళ్ళు హద్దుల మీద పడ్డాయి. మెల్లగా వేలు పెట్టి, పశువుల దొడ్డి గుట్ట అంటే ఏదో వెతుక్కున్నాడు. వాగుకి పడమర, రోడ్డుకి ఎగువన ఉన్న గుట్ట ఒక్కటే. అదే పెన్నిక్ గుట్ట. తర్వాతెప్పుడో జాన్ పెద్దకొడుకు ఆ గుట్టకి తన ఇంటిపేరు పెట్టుకుని ఉంటాడు. పాలరాయీ, దాని చుట్టూ ఇనప కంచే, ఏటా మే నెలలో పూలచక్రమూ, గవర్నరు ఆఫీసు నుంచి వచ్చినాయన ఇచ్చిన ఉపన్యాసమూ, అన్నీ పేడకుప్ప మీద.

బర్వెల్ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. మొదట ఏడుస్తున్నాడనుకుంది ఇజోలా. అతను నవ్వు అందుకునేసరికి కింది అంతస్తులో గుమాస్తా ఏం జరిగిందోనని మెట్లెక్కి వచ్చాడు. అతనికి కారణం చెబుదామనుకుంటే ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.

మిగతాది రెండు మూడు పుటల్లో తేలిపోయింది. వితంతువు వాటా ఆవిడ బతికున్నన్నాళ్ళే. పోయాక అది పెద్దకొడుక్కి తిరిగి రావాలి. కానీ ఆ కొడుకు తల్లి చావు దాకా ఆగలేక, రాబోయే హక్కుని ముందుగానే మారుటి తండ్రికి అమ్ముకున్నాడు. ఆ నేలా, ఆ మనుషులూ మాక్లిన్ల పేరు కిందికి పోయారు. డైనా పిల్లలు మాత్రం పాత పేరు వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఏ కాగితంలోనూ లేదు. పిల్లలు, మనవలు ఎక్కడికి అమ్ముడుపోయినా ఒకరినొకరు పోల్చుకోవడానికని ఇజోలా అనుకుంటుంది. ఆవిడ అనుకున్నదాన్ని కాదనగలిగేంత తెలిసినవాళ్ళెవరూ లేరు.

మాక్లిన్ల నేల ఇప్పుడు జింకల వేటగాళ్ళ క్లబ్బుది. దాని పెద్ద డెల్బర్ట్ అనే అతను గేటు దగ్గర తుపాకీ భుజాన వేసుకుని నిలబడి, ఇజోలాని చూడగానే తెలియకుండానే నిటారుగా అయ్యాడు. చిన్నప్పుడు అతన్ని ఆవిడ బస్సులో ముందు సీట్లో కూచోబెట్టేది, వెనకవాళ్ళ బతుకు బాగుండాలని. స్ట్యూలో తన వాటా ఒక బకెట్ అని మాట తీసుకుని గేటు తీశాడు.

జూలై ఎండలో, పిడుదులు ఎక్కకుండా ప్యాంట్లు మేజోళ్ళలోకి దోపుకుని, ఇద్దరూ పాయ మొదట్లోంచి నడక మొదలుపెట్టారు. బర్వెల్ చేతిలో ఒక చిన్న గొడ్డలి. పూర్వం నాలుగేళ్ళకొకసారి ఇరుగుపొరుగువాళ్ళంతా కలిసి ఒకరి హద్దులొకరు నడిచి, చెట్లకి మూడేసి గాట్లు పెట్టేవారట. అలా నడవని హద్దు హద్దే కాదట. ఆ లెక్కన బర్వెల్ కనబడిన పెద్ద చెట్టుకల్లా గాట్లు పెడుతూ వచ్చాడు.

"మళ్ళీ మొదలెట్టారా, భూములు మీవని గుర్తులు పెట్టుకోవడం," అంది ఇజోలా.

"ఈసారి ఇంకొకరి నేలకండీ. కూలి లేకుండా పని చేస్తున్నా."

తెల్ల ఓక్ ఎప్పుడో పోయింది. మిల్లు చెరువు బురదనేల అయిపోయి, దాని నిండా రెల్లు. కానీ ఆనకట్ట రాళ్ళున్నాయి, ఏనుగు వీపులా నాచుపట్టి. వాగు ఆ రాళ్ళ మీద నుంచి, వేసవి కాబట్టి సన్నగానే, కిందికి దూకుతోంది. ఇజోలా ఆగింది. చెయ్యెత్తి బర్వెల్ నోరు మూయించింది. పైన్ చెట్లలో గాలి లేదు. చప్పుడు నీళ్ళదే.

చప్పుడుకి పైన, వాలు మీద దేవదారు చెట్లు గుంపుగా ఉన్నాయి. వాటి కింద నేల కనిపించకుండా ముదురాకుపచ్చ తీగ. ఆ కౌంటీలో దాన్ని సమాధుల తీగ అంటారు. అడవిలో దానంతటది రాదు, ఎవరో తెచ్చి నాటాలి. ఇజోలా అడుగు వేస్తే కాలు కొంచెం లోపలికి దిగింది. ఇంకో అడుగు, మళ్ళీ గట్టినేల. మళ్ళీ పల్లం. తీగ కింద చేత్తో తడిమితే పొలంలోంచి తెచ్చి నిలబెట్టిన మామూలు రాయి. దాని మీద ఒక్క అక్షరం లేదు. పక్కన ఇంకో రాయి. అలా వరసగా.

ఆవిడ అక్కడే కూచుండిపోయింది. కాసేపటికి తల తిప్పి చూస్తే, బర్వెల్ టోపీ తీసి గుండెకి ఆనించుకుని, తీగ అంచుకి ఇవతలే నిలబడి ఉన్నాడు.

"అక్కడే ఆగారేం?"

"పిలిస్తే గానీ రాకూడదనిపించిందండీ."

"పిలుస్తున్నాను. రండి. గొడ్డలి అక్కడ పెట్టి రండి."

ఆగస్టు మూడో ఆదివారం తెల్లవారుజామునే చర్చి వెనక నిప్పు రాజేశారు. ఇనప కాగులో కోళ్ళు, మొక్కజొన్న, బటర్ బీన్స్, టమాటాలు, బంగాళాదుంపలు. బర్వెల్ ఎవరిదో ఆడవాళ్ళ ఏప్రన్ కట్టుకుని తెడ్డు తిప్పుతుంటే, బాల్టిమోర్ నుంచీ ఫిలడెల్ఫియా నుంచీ వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎవరీయన అని అడిగి, సమాధానం విని, ఫొటో తీసుకుని వెళ్ళారు. మౌంట్ నీబో ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి, తెడ్డు అడుగు దాకా పోవడం లేదనీ, నడుము వంచాలనీ పాఠాలు చెప్పారు. బర్వెల్ చెమటలు కక్కుతూ అందరికీ చిత్తమన్నాడు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని మాత్రం అతన్ని ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం కాగు డెల్బర్ట్‌కి అప్పజెప్పి, అందరూ చర్చికి కూతవేటు దూరంలో ఉన్న ఆ వాగు దగ్గరికి వెళ్ళారు. లెథియా అత్తని పికప్ ట్రక్కు వెనక కుర్చీలో కూచోబెట్టి తెచ్చారు. ఊదారంగు టోపీ, చేతికి తెల్ల గ్లవ్స్. కుర్చీతో సహా ఎత్తి తీగ మధ్యలో దింపితే, ఆవిడ ఒక కాలు చాపి, చెప్పు విదిలించి, వేళ్ళతో ఆకులని తడిమి చూసింది. తర్వాత చుట్టూ చూసి, కోడిపుంజు ఏదని అడిగింది.

"చచ్చిపోయి ఎనభై ఏళ్ళు దాటుంటుందత్తా."

"మంచి పనయింది."

పేర్లు చదవడానికి పాస్టరు కాగితం విప్పాడు. ఆయనది సన్నని గొంతు. రెండు పేర్లు కూడా కాకముందే అత్త చెయ్యెత్తి ఆపింది. ఒక్క ముక్క వినపడటం లేదంది. ఆ పొగాకు పాటలాయన్ని పిలవమంది.

బర్వెల్ ముందుకొచ్చి, కాగితం అందుకోకుండా ఆవిడ ముందు వంగాడు. కాగితంలో ఈ యేటి పేర్ల కింద, ఇజోలా తన చేత్తో ఎక్కించిన, లుక్రీషియా మూడో వంతులోని మనుషుల పేర్లు కూడా ఉన్నాయి. అవి ఏ పుస్తకంలోంచి వచ్చాయో అతనికి బాగా తెలుసు.

"అమ్మా, నాది వేలం గొంతు," అన్నాడు. "ఈ పేర్లు ఈ గొంతుతో చదవడం బావుండదు."

లెథియా అత్త అతని చెవి పట్టుకుని, వినపడనిది అతనికైనట్టు దగ్గరికి లాక్కుంది. ఆ చెవి తన అన్న చెవి లాగే ఉందని తర్వాత అందరితో అంది, కానీ అప్పుడు అన్నది వేరే.

"తెలుసు నాయనా. అందుకే నిన్ను పిలిచా. మెల్లగా చదువు. ఇవాళ కొనేవాళ్ళెవరూ లేరు."

అతను చదివాడు. జీవితంలో మొదటిసారి పేరుకీ పేరుకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ చదివాడు. ప్రతి పేరు తర్వాతా జనం "ఇక్కడే ఉన్నాం" అన్నారు. అలా అనాలని ఎవరూ ముందుగా చెప్పుకోలేదు, ఎవరో ఒకరు మొదలుపెట్టారు. డైనా పేరు వచ్చినప్పుడు అత్త అందరికంటే గట్టిగా అంది. ఇజోలా అననే లేదు. ఆవిడ మెడ పక్కకి తిప్పుకుని వాగు వైపు చూస్తోంది. ఆ మెడని చిన్నప్పుడు చూసినవాళ్ళంతా చప్పుడు చేయకుండా నిలబడ్డారు.

ఆఖరి పేరు అయ్యాక కాస్త నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అత్త తల ఒక పక్కకి వంచింది.

"నీళ్ళు," అంది.

నిజంగా ఆవిడకి వినపడిందో, గుర్తొచ్చిందో ఎవరూ అడగలేదు. చర్చి వైపు నుంచి గాలి మళ్ళింది. ఇజోలా ముక్కు ఎగబీల్చి, గబుక్కున బర్వెల్ వైపు తిరిగింది.

"అడుగంటుతోంది. పరిగెత్తండి."

అతను ఏప్రన్ పట్టుకుని పరిగెత్తాడు. లెథియా అత్త కుర్చీలోంచి ఆ పరుగుని చివరిదాకా చూసి, పళ్ళు పట్టుకుని నవ్వింది.